చూశాను

నంద్యాలలో ఏడుంబావుకు కదిలే బస్సులో ఎడమవైపు మూడో సీటు జీవమ్మ టీచరుది. కండక్టర్లు మారారు, బస్సులు మారాయి, ఆ సీటు మాత్రం మారలేదు. కిటికీ పక్కన కూర్చుని, చెప్పులు విడిచి, నొప్పెట్టే మోకాళ్ళను ముందు సీటుకు ఆనించి, ఒళ్ళో సంచీ, సంచీ మీద నోటుపుస్తకాలు పెట్టుకుంటుంది. ఊరు దాటేలోపల ఎర్రపెన్ను మూత తీస్తుంది. శిరివెళ్ళ వచ్చేసరికి సగం అయిపోవాలి. ఆళ్ళగడ్డ బస్టాండులో దిగేసరికి నలభై రెండూ అయిపోవాలి.

అయిపోవడమంటే పెద్ద పనేం కాదు. పుస్తకం తెరవడం, రాత ఆగిన పేజీ పట్టుకోవడం, కింద 'చూశాను' అని రాయడం, పక్కన ఒక 'జీ', దాని కింద తేదీ. బస్సు గుంతలో పడేటప్పుడు పెన్ను పైకెత్తాలి, గుంత దాటగానే దించాలి. ఇందులో జీవమ్మకు ఇరవై రెండేళ్ళ అనుభవం. "ఏం చెయ్యి తిరిగిందమ్మా మీకు!" అని పక్కసీటు పెద్దాయన ఒకసారి మెచ్చుకున్నాడు కూడా. ఆమెకు ఆ రోజు కొంచెం సంతోషం కలిగింది. మెచ్చుకునేవాళ్ళు దొరకడమే కష్టమైన ఉద్యోగం అది.

ఇవి క్లాసు నోట్లు కావు, కాంపోజిషన్ నోట్లూ కావు. వీటిని పదో తరగతి పిల్లలు సొంత నోట్లు అంటారు. వేసవిలో నంద్యాలలో ఇంగ్లీషు టీచర్లకు పదిరోజులు శిక్షణ ఇచ్చిన సలోమి మేడం అంటించిన పని ఇది. ఇంగ్లీషు పీరియడు చివరి పది నిమిషాలు పిల్లలు తమ సొంత మాటల్లో రాయాలి. ఈ రోజు ఏం నేర్చుకున్నాను, ఎట్లా నేర్చుకున్నాను, ఏది రాలేదు, రానప్పుడు ఏమనిపించింది. తెలుగులో రాసినా సరే, ఇంగ్లీషులో రాసినా సరే, రెండూ కలిపి కొట్టినా సరే. తప్పులు దిద్దకూడదు, మార్కులు వేయకూడదు. "మీరు చదివితే చాలు" అంది సలోమి మేడం నవ్వుతూ. ఆమెకు ముప్పై ఏళ్ళుంటాయి, మోకాళ్ళు బాగున్నాయి. చదివితే చాలు అనేవాళ్ళకు చదివే పని ఉండదు.

మొదటి వారం జీవమ్మ నిజంగానే చదవబోయింది. ఆరేడు పుస్తకాలు చదివేసరికి ఆళ్ళగడ్డ వచ్చేసింది. మిగతావాటి మీద సంతకం లేకపోయేసరికి పిల్లలు "మావి చూడలేదా టీచరమ్మా?" అని ముఖాలు వేలాడేసుకున్నారు. అందరినీ సమానంగా చూడాలంటే ఎవరిదీ చదవకపోవడమే న్యాయమని ఆమెకు అనిపించింది. అలసినవాళ్ళకు న్యాయం తొందరగా తోస్తుంది. జూలై పదో తేదీ నుంచి నలభై రెండూ 'చూశాను'.

గురువారం పొద్దున కూడా అట్లాగే నలభై రెండూ ముగించి, సంచీ భుజానికి వేసుకుని, కాళ్ళీడ్చుకుంటూ బడికి చేరింది. హెడ్మాస్టరు లక్ష్మీనారాయణ స్టాఫురూములోకే వచ్చి నిలబడ్డాడు. ఆయన తన గదిలోంచి లేచి వచ్చాడంటే అది అందరినీ నొప్పించే పనే అయ్యుంటుంది.

"పరీక్షకు కూర్చునేటోళ్ళ నామినల్ రోల్సు మంగళారం కర్నూలుకు పోవాల. పదో తరగతిలో పాసు కానోళ్ళ పేర్లు ఎవరి సబ్జెక్టులో వాళ్ళు రాసియ్యండి. ఈ పొద్దే" అన్నాడు.

"రాసిస్తే ఏం చేస్తారు సార్?" అని లెక్కల శ్రీనివాసులు అడిగాడు. అతను ఆ ఏడే కొత్తగా వచ్చాడు, అందుకని అడిగాడు.

"ఏం చేస్తాము? ఈ ఏడు కూర్చోబెట్టము. పెద్దోళ్ళను పిలిపించి, మా ఇష్టపూర్తిగానే ఈసారి పరీక్షకు పంపడం లేదని రాయించుకుంటాము. కలుపు ఇప్పుడు తీయకపోతే పైరంతా పోతాది. పోయినేడు యాభై ఎనిమిది శాతం. నంద్యాల మీటింగులో శాతాలు చదివేటప్పుడు నన్ను లేపి నిలబెడ్తిరి, హోంవర్కు చేయని పిల్లోని మాదిరి. నాకు మాత్రం ఇష్టమా అప్పా?"

ఆయన చెప్పింది అన్యాయమని అందరికీ తెలుసు. ఆయన్ని నిలబెట్టిందీ నిజమే. జీవమ్మ మార్కుల రిజిస్టరు తీసింది. క్వార్టర్లీలో ఇరవై దాటని పేర్లకు పక్కన చుక్క పెట్టి, ఒక తెల్లకాగితం మీద వరసగా దించింది. ఏడుగురు. గురవయ్య తెచ్చిన టీ చల్లారకముందే పని అయిపోయింది. గురవయ్య అటెండరు, ఆ కాగితం తీసుకుపోయి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టిందీ అతనే.

శుక్రవారం మూడో పీరియడులో ఆమె పాఠం చెబుతుంటే కిటికీలోంచి వరండా కనబడింది. కూలిపనికి పోవలసిన ఆడవాళ్ళు ఏడెనిమిదిమంది గోడకానుకుని వరసగా కూర్చున్నారు. ఒక్కొక్కరే లోపలికి పోయి వచ్చి, బొటనవేలిని గోడకు రుద్దుకుంటున్నారు. కొత్తగా వేసిన సున్నం మీద నీలిమరకలు. సున్నం పాడైపోతోందని జీవమ్మకు చిరాకు వేసింది. అంతకుమించి ఆ పూట ఆమెకు ఏమీ తోచలేదు.

శనివారం నంద్యాలలో సలోమి మేడం మీటింగు. బస్సు ఎక్కే పని లేని రోజు కనక జీవమ్మ ఆలస్యంగా లేచి, మోకాళ్ళకు నూనె రాసుకుని, నిదానంగా పోయింది. చుట్టుపక్కల తాలూకాల నుంచి పాతికమంది టీచర్లు వచ్చారు. ఒక్కొక్కరు అయిదు సొంత నోట్లు తేవాలని ముందే కార్డు రాశారు. జీవమ్మ సంచీలో పైనున్న అయిదింటిని తీసుకుపోయింది.

"ఒక్కొక్కరు ఒక పుస్తకం తీసి, మొదటి నుంచి ఒకే పిల్ల రాసింది చదవండి. మీరు ఏమీ వివరించొద్దు. పిల్లల మాటే విందాం" అంది సలోమి.

ఆత్మకూరు నుంచి వచ్చిన సారు ముందే చూసిపెట్టుకున్న పేజీలు చదివాడు. 'మా సారు చెప్పిన పాఠం తేనెలాగా ఉంది' అని ఉంది అందులో. అందరూ చప్పట్లు కొట్టారు. బేతంచెర్ల టీచరమ్మ చదివిన దాంట్లో కూడా సారూ పాఠమూ తేనే ఉన్నాయి. చప్పట్లు కొట్టి కొట్టి అరచేతులు మంటపుట్టేసరికి జీవమ్మ వంతు వచ్చింది.

ఆమె ఏదీ చూసిపెట్టుకోలేదు. అయిదింటిలో అక్షరాలు లావుగా ఉన్న పుస్తకం ఏరుకుంది, కళ్ళజోడు మార్చుకునే పని తప్పుతుందని. అట్ట మీద ఆదెమ్మ అని ఉంది. చివరి బెంచీ పిల్ల. దొర్నిపాడు దోవలో ఒక పల్లె నుంచి వస్తుంది. గొంతు ఎట్లా ఉంటుందో గుర్తురాలేదు. జీవమ్మ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"జూలై ఎనిమిది. ఈ పొద్దు పాఠంలో నాకు తెలిసిన మాటలు నాలుగు. తెలీనివి శానా. ఆ నాలుగింటి మీదనే కాలు పెట్టి లైను దాటినా, వంకలో రాళ్ళ మీద నడిచినట్ల. రెండుసార్లు జారినా."

సలోమి రాసుకుంటున్నదల్లా తలెత్తింది.

"జూలై ఇరవై. నేను ఇంగ్లీషు బడిలో కంటే చేన్లో బాగా నేర్చుకుంటాండా. పత్తికి మందు కొట్టే డబ్బా మీద పాయిజన్ అని ఉంది, పక్కన పుర్రె బొమ్మ. బొమ్మ ఉంది కాబట్టి ఆ మాట తెలిసింది. కింద కీప్ అవే ఫ్రమ్ చిల్డ్రన్ అని ఉంది. కీప్ పాఠంలో వచ్చింది. చిల్డ్రన్ తెలుసు. నడుమ రెండు మాటలు తెలీవు. విషాన్ని పిల్లోళ్ళకాడ ఏం చేయమంటారు ఎవరైనా? దూరంగా పెట్టమంటారు. అట్ల అర్థమాయె. తెలీని మాట గురించి దాని పక్కన ఉండే మాటల్ని అడగాలని ఈ పొద్దు నేర్చుకున్నా. పాఠానికి గూడా అట్లనే చేస్తా ఇంక."

గదిలో దగ్గులు ఆగాయి. జీవమ్మ పేజీ తిప్పింది. ప్రతి పేజీ కిందా ఎర్రగా 'చూశాను' ఉంది. దాన్ని కూడా చదవాలా వద్దా తెలియక, వదిలేసి ముందుకు పోతోంది.

"సెప్టెంబరు ముప్పై. క్వార్టర్లీలో నాకు పదహారు మార్కులు వచ్చినాయి. గైడులో ఆవు వ్యాసం కంఠతా పట్టినోళ్ళకు ముప్పై పైన వచ్చినాయి. నేను కంఠతా పట్టల్యా. మా ఎనుము మీద సొంతంగా రాసినా. టీచరమ్మ అడ్డంగా గీత కొట్టింది. తప్పులు ఉంటాయిలే. అయినా రాసేటప్పుడు సంతోషంగా ఉండె. అక్టోబరు పద్నాలుగు. టీచరమ్మ ప్రశ్నలు ముందు రెండు బెంచీల్నే అడుగుతాది. నా కాడికి వచ్చేలోపల గంట కొడ్తారు. ఈ పొద్దు నాకు జవాబు తెలుసు. ఎవురూ అడగల్యా. ఇంటికి పోయి ఎనుముకు చెప్పినా."

ఒకరిద్దరు నవ్వారు. మంచి నవ్వే, పిల్ల చమత్కారానికి. జీవమ్మ చెవులు మాత్రం వేడెక్కాయి. ఆ పేజీ కింద కూడా తన చేతిరాతే, తోకతో సహా చక్కగా కుదిరిన 'జీ'. ఆ రోజు దోవలో గుంతలు తక్కువున్నట్టుంది.

"చదవండి. ఆపకండి" అంది సలోమి.

జీవమ్మ చివరి పేజీ తెరిచింది. బుధవారం రాసింది, ఆ తర్వాత ఏమీ రాయలేదు. దీన్ని పైకి చదవకుండా కళ్ళతోనే చదివింది.

'టీచరమ్మా, పెద్దసారు ఫెయిలయ్యేటోళ్ళ లిస్టు రాపిస్తాడంట. నా పేరు రాయొద్దు. ఎదురుగా వచ్చి చెప్పల్యాక ఈడ రాస్తాండా. మార్కులు తక్కువే. ఈ నోటు మొదట్నుంచి మీరు చూస్తాండారు గదా, నాకు ఎంత వచ్చో మీకే తెలుసు. ఇంకా నాలుగు నెల్లు ఉంది. ఈ ఏడు పరీక్షకు కూర్చోకపోతే మా నాయన బేతంచెర్ల బండల పాలిషుకు తీస్కపోతాడు. నన్ను మళ్ళా బడికి పంపరు. రాయొద్దు టీచరమ్మా.'

కింద: చూశాను. జీ. 19-11-81.

"ఏం రాసింది?" సలోమి దగ్గరికి వచ్చి, భుజం మీదుగా చూసి, చదివింది. చదివాక తేదీ మీద వేలు పెట్టి, "ఇది మొన్నటిదేనా? మీరు దీనికేం చెప్పారు?" అని మెల్లగా అడిగింది.

"సంతకం పెడ్తిని" అంది జీవమ్మ.

వెనక వరసలో ఎవరో అది హాస్యమనుకుని నవ్వారు. సలోమి నవ్వలేదు, మందలించనూ లేదు. మందలించి ఉంటే బాగుండేది, కనీసం కోపం తెచ్చుకోవడానికి ఒక మనిషి దొరికేది. జీవమ్మ పుస్తకం మూసి కూర్చుంది. ఆ తర్వాత చదివినవాళ్ళు ఏం చదివారో ఆమెకు తెలియదు. ఒక్కటి గమనించింది. తన తర్వాత చదివిన టీచర్లు ఎవరూ పిల్లల మాటల కింద ఉన్న ఎర్రసంతకాల మీంచి చెయ్యి తీయలేదు.

ఆదివారం భర్త సంజీవయ్య తెల్లచొక్కా వేసుకుని, చేతిలో బైబిలుతో గుమ్మంలో నిలబడితే, జీవమ్మ సంచీ తగిలించుకుని వచ్చింది.

"యాడికి?"

"ఆళ్ళగడ్డకు."

"ఆదివారమా? గుడిలో అడిగితే ఏమని చెప్పాల?"

"మోకాళ్ళని చెప్పు" అంది ఆమె. పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఆమెను ఎన్నో అడిగాడుగాని, ముఖం ఇట్లా ఉన్నప్పుడు అడగకూడదని తెలుసుకున్నాడు. పక్కకు జరిగాడు.

ఆళ్ళగడ్డలో దిగి, దొర్నిపాడు బస్సెక్కి, కండక్టరు చూపించిన చోట దిగి, మైలు దూరం నల్లరేగడి దారిలో నడిచింది. మొన్నటి జల్లుకు మన్ను చెప్పులకు పట్టుకుని, అడుగడుగుకూ చెప్పు బరువెక్కుతోంది. చివరికి రెండూ విప్పి చేత పట్టుకుంది. ఇంటి దగ్గర ఎవరూ లేరు. గంపలు అల్లుతున్న ముసలామె, పత్తికి పోయినారని చెయ్యెత్తి చేను చూపించింది.

చేన్లో పదిమంది ఆడవాళ్ళు సాళ్ళల్లో వంగి ఉన్నారు. నడుములకు కట్టుకున్న గుడ్డల్లో పత్తి ఉబ్బి కనిపిస్తోంది. ఆదెమ్మ తల్లి ముందు చూసింది. ఒడిలో పత్తితోనే పరుగులాంటి నడకతో గట్టు మీదికి వచ్చింది.

"రాండి టీచరమ్మా! ఏంది ఇంత దూరం వస్తిరి? మొన్న ఏలిముద్ర ఏసినా గదా, ఇంకా యాడన్నా ఏయాల్నా?"

జీవమ్మ చేతిలోని చెప్పులు గట్టు మీద పెట్టింది. "ఎందుకేసినావమ్మా?" అంది.

"పెద్దసారు ఏయమనె. పాప వద్దు వద్దని ఏడ్చె. నేనే అంటి, దినామూ టీచరమ్మ నీ పుస్తకం చూసి సంతకం పెడ్తాది, నీకు వచ్చేదీ రానిదీ మనకంటే ఆమెకు తెలీదా, ఆమె రాసిందంటే సరిగ్గానే రాసింటాదిలే అని. ఏసేస్తిని. వాళ్ళ నాయన గూడా బేతంచెర్ల నుంచి వచ్చే వారం వస్తాడు. పాపను తీస్కపోతాడు ఇంక." చెబుతూ చెబుతూ ఆమె టీచరమ్మ కాళ్ళ వైపు చూసి, "అయ్యో, మన్నంతా అయిపాయె. కూర్చోండి, నీళ్ళు తెస్తా" అని ముంత కోసం పోయింది.

ఆదెమ్మ రాలేదు. నాలుగో సాలులో ఉంది. రెండు చేతులా కాయలోంచి పత్తి లాగి, ఒడిలో వేసి, అడుగు జరుగుతోంది. జీవమ్మే సాలులోకి దిగింది. ఎండిన కాయల మొనలు చీరకు పట్టుకుంటున్నాయి.

"ఆదెమ్మా."

"ఆఁ టీచరమ్మా." తల ఎత్తలేదు.

"నీ సొంత నోటు చదివినా. నిన్న."

చేతులు ఆగాయి. "నిన్ననా? దినామూ చూస్తారు గదా."

ఇక్కడికి వచ్చే దారంతా జీవమ్మ ఏదేదో కూర్చుకుంటూ వచ్చింది. పని ఒత్తిడి, నలభై రెండు పుస్తకాలు, మూడు క్లాసులు, బస్సు. ఆ పిల్ల వేళ్ళ మీద కాయల గీతలు చూసేసరికి అవన్నీ చెప్పబుద్ధి కాలేదు.

"చూడల్యా పాపా. సంతకం పెట్టినానంతే."

"ఒక్క దినం గూడానా?"

"ఒక్క దినం గూడా ల్యా."

పక్క సాలులో వంగి ఉన్న ఆడమనిషి నడుము ఎత్తి వీళ్ళ వైపు చూసి, మళ్ళీ వంగింది. ఆదెమ్మ చేతిలో ఉన్న పత్తిని ఒడిలో వేయడం మరిచిపోయి అట్లాగే పట్టుకుంది.

"మీరు చదువుతాండారనుకొని, బాగలేని మాటలు కొట్టేసి మళ్ళా రాస్తాంటి టీచరమ్మా" అంది. చేతిలోని పత్తిని అప్పుడు ఒడిలో వేసి, "అట్లయితే లిస్టు? అంతా చూసి, నాకు రాదని తెలిసి రాయల్యా మీరు?"

"లేదు. మార్కులు చూసి రాసినా. నీకు రాదని నాకు తెలీదు. వస్తాదని గూడా తెలీదు. ఏమీ తెలీకుండా రాసినా."

అప్పుడు తల ఎత్తింది ఆదెమ్మ. కోపం ఉంటుందని జీవమ్మ సిద్ధపడింది. కాని ఆ ముఖంలో ముందుగా కనబడింది కోపం కాదు, బరువు దించుకున్న ఊరట. "నాకు రానే రాదేమో అనుకుంటి" అని గొణిగింది. మూడురోజులుగా ఆ పిల్ల దుఃఖం లిస్టు గురించి కాదు. తనను ఇంత బాగా తెలిసిన ఒకే ఒక్క మనిషి, అన్నీ చదివి, బాగా ఆలోచించి, ఇది పనికిరాదని తేల్చిందన్న దుఃఖం. అది జీవమ్మకు అర్థమయ్యేసరికి, నడిచిన మైలు దూరమూ అప్పుడే కాళ్ళలోకి దిగినట్టయింది. తిట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

కోపం తర్వాత వచ్చింది, నిదానంగా, న్యాయంగా. ఆదెమ్మ ముఖం తిప్పుకుని పత్తి లాగడం మొదలుపెట్టింది. "రేపు బడికి రా. నీ పేరు చేరుస్తా" అని జీవమ్మ రెండుసార్లు చెప్పినా, ఆ పిల్ల ఇటు తిరక్కుండా తర్వాతి చెట్టుకు జరిగింది. తల్లి తెచ్చిన నీళ్ళు తాగి, చెప్పులు చేత పట్టుకుని ఆమె తిరిగి నడిచింది.

సోమవారం హెడ్మాస్టరు ఆమె చెప్పిందంతా విని, కుర్చీ వెనక్కి వాలాడు.

"అయిపోయిన పెళ్ళికి మేళమెందుకు టీచరమ్మా? తల్లి వేలిముద్ర గూడా వేసిపాయె."

"నా సంతకం చూసి వేసింది సార్."

"సరే, ఒకటి చేద్దాము. మార్కులు కూడడంలో పొరపాటు జరిగిందని రాసియ్యి. పదహారు కాదు ఇరవై ఆరు అని. దానితో అయిపోతాది. నీకూ ఇబ్బంది ఉండదు, నాకూ ఉండదు."

ఆ మాట వినగానే జీవమ్మకు ఆశ పుట్టింది. ఎంత సులువు! ఒక అంకె మారిస్తే ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. పెన్ను తీసింది కూడా. కాని పదహారు మార్కులూ సరిగ్గానే కూడింది తను. ఆ ఎనుము వ్యాసం మీద అడ్డగీత కొట్టింది మాత్రం చదివి కాదు. గైడులో లేని మొదటి వాక్యం చూసి కొట్టింది. ఆమె కాగితం మీద ఇట్లా రాసింది: 'ఆదెమ్మ అను విద్యార్థిని రాసిన పుస్తకాలు చదవకుండానే ఆమె పేరు పాసు కానివారి జాబితాలో ఇచ్చితిని. ఆ పిల్ల పరీక్షకు కూర్చోదగినది. బాధ్యత నాది.'

లక్ష్మీనారాయణ రెండుసార్లు చదివాడు. "ఇది ఫైల్లో పెట్టినానంటే నీ ఇంక్రిమెంటుకు ఎసరు."

"తెలుసు సార్."

"ఆ పిల్ల ఫెయిలయితే?"

"అప్పుడు గూడా బయటికి తీయండి."

ఆయన కాగితాన్ని ఫైల్లో పెట్టలేదు, చించనూ లేదు. బల్ల మీది బండముక్క కింద పెట్టి, "నీకేమొచ్చె తల్లీ ఈ వయసులో" అన్నాడు, విసుగూ జాలీ కలిపి. "రేపు పదింటికల్లా వచ్చి సంతకం చేయమను. పన్నెండు గంటల బస్సుకు గురవయ్య కవరు తీస్కపోవాల."

ఆ రోజు ఆదెమ్మ బడికి రాలేదు. సాయంత్రం దొర్నిపాడు వైపు పోయే పిల్లతో కబురు పంపి, రాత్రంతా వస్తుందో రాదో అని జీవమ్మ దిగులుపడింది.

మంగళవారం బస్సులో ఆమె ఎర్రపెన్ను మూత తీయలేదు. పుస్తకం తెరిచి చదివింది. మొదటి పుస్తకం, రెండోది, మూడోది. ఆళ్ళగడ్డ వచ్చేసరికి అయిదు అయ్యాయి. కళ్ళు మండుతున్నాయి. ముప్పై ఏడు మిగిలాయి. ఇట్లా అయితే నలభై రెండూ ముగియడానికి తొమ్మిది రోజులని లెక్క వేసుకుని, ఈ లెక్క జూలైలోనే వేసుకోవచ్చునే అనుకుంది.

పదిన్నరకు ఆదెమ్మ వచ్చింది. ఉతికిన లంగా ఓణీ, తలకు నూనె. వేళ్ళ మీద గీతలు నల్లబడ్డాయి. గురవయ్య నామినల్ రోలు పరిచి, అడుగున కొత్తగా చేర్చిన పేరు మీద వేలు పెట్టి, "ఈడ తెలుగులో, ఈడ ఇంగ్లీషులో" అన్నాడు. ఆ పిల్ల ఒంగి, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, రెండుచోట్లా రాసింది. ఇంగ్లీషు అక్షరాలు కూడా తెలుగు అక్షరాల మాదిరే లావుగా, విడివిడిగా ఉన్నాయి. రాసి నిటారుగా నిలబడి, కాగితాన్ని పైనుంచి కిందికి చూసింది. పేర్లన్నీ చదువుతోంది. జీవమ్మ పక్కనే నిలబడి, పని ముగిసిందన్న నిమ్మళంతో ఒక ఊపిరి తీసుకుంది. ఇన్నాళ్ళకు ఒకటి సరిచేశాననే ఊపిరి అది.

"టీచరమ్మా" అంది ఆదెమ్మ.

"ఏమ్మా?"

"మిగిలిన ఆర్మందివి చదివినారా?"

ఎగతాళి లేదు, నిష్ఠూరమూ లేదు. తెలుసుకోవాలని అడిగింది, అంతే. జీవమ్మకు ఆరుగురు అన్న అంకె మొన్నటి నుంచీ తెలుసు. ఏడులో ఒకటి పోతే ఆరు. కాని ఆ అంకెకు పేర్లున్నాయనీ, తల్లులున్నారనీ, గోడ మీది నీలిమరకల్లో ఆరు వాళ్ళవేననీ ఆ పిల్ల అడిగేదాకా ఆమె బుద్ధికి తట్టలేదు.

"ల్యా" అంది జీవమ్మ.

ఆదెమ్మ తల ఊపి, పెన్ను గురవయ్యకిచ్చి, క్లాసుకు పోయింది.

గడియారంలో పదీ నలభై. హెడ్మాస్టరు కవరుకు బంక పూయబోతున్నాడు. జీవమ్మ గుమ్మంలోంచే, "సార్, అంటించొద్దు" అంది.

"ఇంకెవరమ్మా?"

"తెలీదు సార్. చదవాల."

ఆయన ఆమె వైపు, గడియారం వైపు, బండముక్క కింది కాగితం వైపు చూశాడు. "చదివితే అందరూ పాసయ్యేటోళ్ళేనా?"

"కాకపోవచ్చు. చదవకుండా మాత్రం ఒప్పుకోను."

"పదకొండుమ్ముక్కాలు. ఆ పైన నన్నేమీ అడగొద్దు." ఆయన బంకసీసా మూత పెట్టాడు. విసురుగానే పెట్టాడుగాని, పెట్టాడు.

జీవమ్మ స్టాఫురూముకు పోలేదు. అంత దూరం నడిచే టైము కూడా వృథా అనిపించింది. వరండాలోనే, తల్లులు కూర్చున్న చోట, గోడకానుకుని కూర్చుంది. మోకాళ్ళు పటపటమన్నాయి. సంచీ దులిపి, ఆరు పుస్తకాలు ఏరి ఒళ్ళో పెట్టుకుని, పైదాన్ని తీసి, కొసన కాకుండా మొదటి పేజీ తెరిచింది. అక్షరాలు చీమల్లాగా ఉన్నాయి. కళ్ళజోడు మార్చుకుంది.

'జూలై ఎనిమిది. టీచరమ్మా, నా పేరు భారతమ్మ. మీకు నా పేరు తెలుసో తెలీదోనని ముందుగా రాస్తాండా.'

జీవమ్మ తలెత్తి క్లాసు వైపు చూసింది. నలభై రెండు తలలు వంగి ఉన్నాయి. భారతమ్మ ఎవరో ఆమెకు తెలియలేదు. గంటా అయిదు నిమిషాలుంది. మళ్ళీ తల వంచి రెండో వాక్యం చదవసాగింది.